అవ్వ కోసం తగిలించిన కుకూ గడియారం

మనింట్లో గడియారాలకి ఎప్పుడూ కొదవ లేదు. హోసూరులో ఎవరింట్లోనూ ఉండదేమో. 1984లో టాటా వాళ్ళూ తమిళనాడు ప్రభుత్వ పారిశ్రామికాభివృద్ధి సంస్థా కలిసి టైటన్ కంపెనీ మొదలుపెట్టి మన ఊళ్ళో ఫ్యాక్టరీ కట్టినాక, వీధికొకరైనా వాచీల పనికి పోయినవాళ్ళు తయారైనారు. ఆ పేరులోనే మొదటి ముక్క టాటా ఇండస్ట్రీస్‌ది, రెండో ముక్క తమిళనాడుది. అంతకు ముందైతే నాయన చేతికి హెచ్.ఎం.టి. ఉండేది, బెంగుళూరులో 1961లో జపాను సిటిజన్ కంపెనీ సాయంతో మొదలైన కార్ఖానాది. రోజూ కాఫీ తాగినాక ఆయన దానికి కీ ఇచ్చేది మీలో పెద్దవాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు హాల్లో ఒకటి, వంటింట్లో ఒకటి, దేవుడి గూటి పైన ఒకటి. చేతి వాచీలకీ ఫోన్లకీ లెక్కే లేదు.

అన్నీ కంటితో చూసుకొనేవే. ఒక్కటీ నోరు తెరవదు. అవ్వ కళ్ళు పోయినాక గాని ఆ సంగతి మాకెవరికీ తట్టలేదు.

అవ్వకి వచ్చింది నీటికాసులు, డాక్టర్లు గ్లాకోమా అంటారే, అది. ముందు పక్కచూపు పోయింది, తర్వాత మెల్లిగా నడిమి చూపు. పోయిన చూపు మందుతో గాని ఆపరేషన్‌తో గాని తిరిగి రాదనీ, మిగిలింది కాపాడుకోవడమే అనీ చెప్పినారు. మిగిలింది కూడా ఇప్పుడు వెలుగూ చీకటీ తెలిసేంత మాత్రమే. ట్యూబులైటు వేస్తే పగలనుకుంటుంది.

కెలమంగలం దగ్గర పల్లెలో ఉన్నంతకాలం ఆమెకి గడియారంతో పని పడలేదు. కోడి కూస్తే లేచేది. పాల సొసైటీ దగ్గర క్యాన్ల చప్పుడు వింటే పొయ్యి వెలిగించేది. బడి గంట కొడితే సద్ది యాల. మధ్యాహ్నం బస్సు మలుపులో హారన్ కొడితే తాతకి ముద్ద కెలకాల. సాయంత్రం మసీదులో బాంగు ఇస్తే దీపం. ఇదంతా చెవిలోనే ఉండేది. కళ్ళున్నప్పుడు కూడా ఆమె యాలని చూసింది తక్కువ, విన్నదే ఎక్కువ. తాత పోయి, చూపు మందగించి, ఆమెని హోసూరుకి తీసుకొచ్చి బాగలూరు రోడ్డు పక్కనున్న ఈ ఇంట్లో పెట్టుకున్నాక ఆ చప్పుళ్ళేవీ లేకుండా పోయినాయి. ఇక్కడ లారీలు రాత్రంతా పోతానే ఉంటాయి. రెండు గంటలకీ ఐదు గంటలకీ ఒకటే మోత.

పోయిన మార్గశిరంలో ఒక రాత్రి బాత్రూములో నీళ్ళ చప్పుడు వినపడి లేచి చూస్తే, అవ్వ చన్నీళ్ళు పోసుకొని, తడి జుట్టుతో వణుకుతా నిలబడి ఉంది. టైం రెండుంబావు. హోసూరు చలి మీకు తెలుసు. "తెల్లారిందనుకుంటిని రా" అనింది. ఆ తర్వాత నాలుగు రోజులు జ్వరం. అది తగ్గింది గాని, అంతకంటే కష్టంగా ఉన్నది ఇంకొకటి. అంతకు ముందు రోజుకి ఇరవైసార్లు "యాలెంతాయ రా?" అని అడిగేది. జ్వరం తర్వాత అడగడం మానేసింది. ఎంతసేపు కూర్చున్నదీ తెలియక, తిన్నది పొద్దుటి తిండో మధ్యాహ్నందో తెలియక ఊరికే గోడ వైపు మొగం పెట్టుకొని కూర్చునేది. మాటిమాటికీ ఒకరిని అడిగి తెలుసుకొనేది ఆమెకి సిగ్గనిపించింది. ఎనభై ఏడేళ్ళు ఎవరినీ ఏదీ అడగకుండా బతికిన మనిషి.

నా కూతురు ముందు ఫోనులో మాట్లాడే గడియారం పెట్టించింది. నొక్కితే ఇంగ్లీషులో చెప్తుంది. అవ్వకి అద్దం మీద ఎక్కడ నొక్కాలో తెలియదు, చెప్పింది అర్థం కాదు. హెచ్.ఎం.టి. వాళ్ళు చూపు లేనివాళ్ళ కోసం మూత తెరిచి ముల్లు తడిమి చూసుకొనే బ్రెయిలీ వాచీలు చేసేవాళ్ళని మా ఎదురింటి అన్న చెప్పినాడు. అవ్వ వేళ్ళ కొసలు కలుపు తీసి, రాగి విసిరి మొద్దుబారిపోయినాయి, అంత సన్న చుక్కలు వాటికి తగలవు. అప్పుడు గుర్తొచ్చింది అటక మీదున్న పెట్టె.

మూడేళ్ళ కిందట చిన్నాయన కొడుకు స్టుట్‌గార్ట్ నుంచి వచ్చినప్పుడు తెచ్చిన కుకూ గడియారం అది. అరగంటకొకసారి పిట్ట అరిస్తే పిల్లలు చదువుకొనేదెట్ల అని అప్పట్లో పెట్టెలోనే పెట్టినాము. అరవడమే ఇప్పుడు కావలసిన గుణమైంది.

జర్మనీ నైరుతి మూల బ్లాక్ ఫారెస్ట్ అనే కొండల సీమ ఉంది, నల్ల అడవి. మంచు కురిసే నెలల్లో పొలం పని ఉండదు. చెక్కకి కరువు లేదు. అక్కడి రైతులు చలికాలమంతా ఇంట్లో కూర్చొని చెక్కతో గడియారాలు చేసేవాళ్ళు. వాటిని వీపున మోసుకొని దేశాలు తిరిగి అమ్మేవాళ్ళు ఉండేవాళ్ళు. పద్దెనిమిదో శతాబ్దంలో వాటికి పిట్ట వచ్చి చేరింది. ఇప్పుడు మనం చూసే ఇంటి ఆకారం మాత్రం 1850 నాటిది. ఫుర్ట్‌వాంగెన్ ఊరి గడియారాల బడి వాళ్ళు కొత్త నమూనాలు కావాలని పిలిస్తే, రైలు మార్గాల భవనాలు కట్టించే ఫ్రీడ్రిష్ ఐసెన్‌లోర్ అనే ఆర్కిటెక్టు, పట్టాల పక్కన గార్డు ఉండే చిన్న ఇంటిని గీసి పంపినాడు. దాని చుట్టూ ఆకులూ తీగలూ పిట్టలూ చెక్కింది తర్వాత వచ్చినవాళ్ళు. అంటే మనం అడవి గుడిసె అనుకొనేది నిజానికి రైల్వే క్వార్టర్సు.

పెట్టె దించినది సంక్రాంతి వారంలో. ఎదురింటి అన్నని పిలిచినాను. ఆయన ధర్మపురి వైపు తమిళుడు, ముప్పై ఏళ్ళు వాచీల పని చేసి రిటైరైనాడు. అవ్వతో మాత్రం తెలుగులోనే మాట్లాడతాడు, మన హోసూరు తెలుగు, సగం కన్నడం. ఆయన మొదటి మాట, "గొలుసుల మీద చెయ్యి వేయద్దు తంబీ."

ఎందుకంటే, గొలుసులు లోపల పళ్ళ చక్రాల మీద కూర్చొని ఉంటాయి. గడియారాన్ని పడుకోబెట్టినప్పుడో తలకిందులు చేసినప్పుడో గొలుసు కదిలితే చక్రం మీద నుంచి జారిపోతుంది. మళ్ళీ ఎక్కించాలంటే మిషను విప్పాల. అందుకే కంపెనీ వాళ్ళు గొలుసులకి సన్న తీగ దూర్చి కట్టి పంపుతారు. ఆ తీగ గోడకి తగిలించినాకే లాగాల. అంతకు ముందు వెనక చెక్క తీసి, లోపల కదలకుండా పెట్టిన కాగితం ముక్కలూ క్లిప్పులూ తీసేయాల. రెండు చిన్న తిత్తులకి ఒక్కో క్లిప్పు, గంట కొట్టే తీగచుట్టకి ఒకటి. ముందు పక్క పిట్ట తలుపుకి చిన్న తీగ గొళ్ళెం ఉంటుంది, దాన్ని పక్కకి తిప్పాల. అది మరిచిపోతే పిట్ట లోపల నుంచి తలుపుని గుద్దుకుంటుంది, మిషను పట్టేస్తుంది. చాలా గడియారాలు మొదటి రోజే ఆగిపోయేది ఈ గొళ్ళెం వల్లనే అని అన్న చెప్పినాడు.

తిత్తులు చూసినప్పుడు అవ్వ చేతికిచ్చినాము. రెండు చిన్న చెక్క గొట్టాలు, ఒక్కోదాని నెత్తిన అగ్గిపెట్టెంత తిత్తి. ఒకటి "కు" అంటుంది, రెండోది "కూ" అంటుంది. అంతే దాని సంగీతం. అవ్వ ఒకదాన్ని వేలితో మెల్లగా ఎత్తి వదిలింది. కూ అనింది. "కమ్మరి కొలిమి తిత్తి మాదిరే ఉండాది కదరా, బిడ్డ తిత్తి" అని నవ్వింది. జ్వరం వచ్చినాక ఆమె నవ్వింది అదే మొదలు.

తగిలించే చోటు అవ్వ మంచం ఎదురుగోడ. కిటికీ గాలి తగలకూడదు, లోలకం తేలిక కాబట్టి గాలికి ఆగిపోతుంది. నేల నుంచి ఆరడుగుల ఎత్తు ఉండాల, లేకుంటే గుండ్లు దిగడానికి జాగా చాలదు. పల్లెలో ఇంటికైతే మట్టిగోడలో చెక్కగూటం కొట్టి దానికి మేకు దిగేస్తే నూరేళ్ళు ఉండేది. ఇక్కడ హాలో బ్లాకు గోడ, పైన సిమెంటు పూత. మేకు కొడితే పూత రాలి చిల్లు పడుతుంది. డ్రిల్లు పెట్టి, ప్లాస్టిక్ ప్లగ్గు దూర్చి, పొడుగు స్క్రూని తల కొంచెం పైకి చూసేట్లు బిగించినాడు అన్న. దాని మీద వేలాడేది గడియారం ఒక్కటే కాదు, గుండ్లు కూడా. ఒక్కో గుండు 275 గ్రాములు.

ఇనుముతో పోత పోసినవి, పైన్ చెట్టు కాయ ఆకారం. అవ్వ తడిమి చూసి "సీతాఫలమా?" అనింది. బుడిపెలన్నీ అచ్చం అట్లే ఉన్నాయి మరి. అప్పటి నుంచి మా ఇంట్లో అవి సీతాఫలాలే. ఒకటి గడియారాన్ని నడిపిస్తుంది, రెండోది పిట్టని అరిపిస్తుంది. పాట వాయించే రకాలకి మూడోది ఉంటుంది, మాది పాట లేని రకం. ఎనిమిది రోజులకొకసారి లాగే రకాలూ ఉన్నాయి, వాటి గుండ్లు కిలోకి పైనే. మాది రోజూ లాగే రకం. దుకాణంలో అది చవక రకం. మాకు అదే మంచిదైంది, ఎట్లనో ముందు చెప్తా.

గడియారం తగిలించి, తీగ లాగి, గుండ్లు వేసి, లోలకం తగిలించి ఊపినాము. టిక్ టిక్ అని నడిచింది. అన్న లెవల్ పెట్టి చూసి బాగుంది అన్నాడు. నా కూతురు ఫోను పెట్టి చూసి బాగుంది అనింది. అవ్వ మంచం మీద నుంచి, "కుంటుతాండాది" అనింది.

ఇదీ అసలు విషయం. ఇట్లాంటి గడియారానికి కావలసింది గోడకి నిటారుగా కనపడడం కాదు, రెండు చప్పుళ్ళ మధ్య జాగా సమానంగా ఉండడం. టిక్కుకీ టాక్కుకీ, టాక్కుకీ టిక్కుకీ ఒకటే ఎడం ఉండాల. ఒక వైపు ఎక్కువైతే లోలకానికి ఒక పక్క సరిగ్గా తోపు అందదు, కాసేపటికి ఆగిపోతుంది. గడియారం అడుగుని కుడికో ఎడమకో వెంట్రుకవాసి జరిపి దాన్ని సరిచేయాల. కొలిచే సాధనం చెవి ఒక్కటే. అన్న అడుగుని ఎడమకి జరిపినాడు. "ఇంకా కుంటి ఎద్దే." ఇంకొంచెం. "ఇప్పుడు రెండో కాలు కుంటుతాంది." మళ్ళీ కుడికి, గోటి మందం. అవ్వ తల వంచి చాలాసేపు వినింది. "ఆఁ. ఇప్పుడు బండికి కట్టచ్చు."

కంటికి అది గోడ మీద కొంచెం ఓరగా ఉంది. ఇప్పటికీ అట్లే ఉంది. ఇంటికొచ్చిన వాళ్ళు సరిచేయబోతే మేము అరుస్తాము.

ముళ్ళు పెట్టేదానికి కూడా ఒక పద్ధతి ఉంది. పెద్దముల్లునే పట్టుకోవాల, ముందుకే తిప్పాల. గంట దగ్గరా అరగంట దగ్గరా ఆగి పిట్ట మొత్తం అరిచి లోపలికి పోయిందాకా కాచుకోవాల. తొందరపడితే లెక్క తప్పే పాత రకాలు ఉన్నాయి. కొత్తవాటిలో చాలా వరకు తర్వాతి గంటకి తమంతట తామే సరిచేసుకుంటాయి. పన్నెండు గంటలప్పుడు పిట్ట పన్నెండుసార్లు వంగి లేచి అరుస్తుంటే అవ్వ వేళ్ళు మడిచి లెక్క పెట్టింది. కనుపుల మీద, బొటనవేలితో, ఒక చేతికి పన్నెండు. ఆ లెక్క గడియారానికి సరిగ్గా సరిపోతుందని అప్పటిదాకా నాకు తోచలేదు.

మరుసటి రోజుకి గడియారం ఐదు నిమిషాలు వెనకబడింది. కూతురు డిసప్పాయింట్ అయింది. అన్న మాత్రం వెనకబడకపోతేనే వింత అన్నాడు. ఆయన చెప్పినది నేను తర్వాత కూర్చొని లెక్క వేసి చూసినాను, సరిగ్గానే ఉంది. లోలకాన్ని ఊపేది భూమి లాగుడే. భూమి తిరుగుతుంది కాబట్టి నడుము దగ్గర కొంచెం ఉబ్బి ఉంటుంది. భూమధ్యరేఖ వైపు వచ్చేకొద్దీ లాగుడు తగ్గుతుంది, లోలకం ఊగడం నిదానమౌతుంది. నల్ల అడవి 48 డిగ్రీల దగ్గర ఉంది, మనం 13 డిగ్రీలు కూడా లేము. అక్కడ కచ్చితంగా నడిచే గడియారాన్ని ఏమీ కదిలించకుండా తెచ్చి హోసూరులో తగిలిస్తే రోజుకి దాదాపు 2 నిమిషాలు వెనకబడుతుంది. ఎత్తు వల్లనేమో అనుకొనేరు, అది కాదు. ఆ కొండ ఊళ్ళు కూడా ఇంచుమించు మనంత ఎత్తులోనే ఉన్నాయి. 1672లో ఝాన్ రిషే అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త పారిస్ నుంచి దక్షిణ అమెరికాలో కయెన్ అనే ఊరికి పోతే, ఆయన గడియారం రోజుకి రెండున్నర నిమిషాలు వెనకబడింది. భూమి పూర్తి గుండ్రం కాదని వాదించడానికి న్యూటన్ దాన్నే సాక్ష్యంగా తీసుకున్నాడు. మా ఐదు నిమిషాల్లో రెండు భూమివి. మిగతా మూడు దారిలో అటూ ఇటూ జరిగిన లోలకం ఆకువి.

మందు సులభమే. లోలకం పుల్ల మీద ఉండే చెక్క ఆకుని పైకి జరిపితే వేగం, కిందికి జరిపితే నిదానం. ఆ 2 నిమిషాలకి కావలసిన జరుపుడు సుమారు అర మిల్లీమీటరు. చూపుకి అందదు. రోజుకి కొంచెం జరిపి, మరుసటి రోజు చూసి, మళ్ళీ జరిపి, ఎనిమిది రోజులకి గడియారం హోసూరుకి అలవాటు పడింది.

అవ్వకి మాత్రం ఒక చిక్కు మిగిలింది. పిట్ట గంటకి అన్నిసార్లూ, అరగంటకి ఒక్కసారీ అరుస్తుంది. పన్నెండున్నరకి ఒకటి, ఒంటిగంటకి ఒకటి, ఒకటిన్నరకి ఒకటి. నిద్ర మధ్యలో మెలకువ వచ్చి ఒక్క కూత వినపడితే అది ఏ యాల? గడియారం చేసినవాళ్ళు దీనికి జవాబు పెట్టలేదు. రెండొందల ఏళ్ళుగా ఎవరూ అడిగినట్టు లేదు, కళ్ళున్నవాళ్ళు లేచి చూసుకుంటారు కదా.

జవాబు అవ్వే కనుక్కొనింది. రోజూ రాత్రి తొమ్మిదికి గొలుసులు లాగే పని తనకే కావాలనింది. బావి గిలక మీద చేంతాడు మాదిరే అది. ఒక కొస దిగితే ఇంకో కొస ఎక్కుతుంది. పైకి పోయిన రింగుని కిందికి లాగితే గుండు పైకి వస్తుంది. యాభై ఏళ్ళు నీళ్ళు చేదిన చేతికి అది నేర్పాల్సిన పని కాదు. అట్ల లాగుతా లాగుతా ఆమె గమనించింది, నడిపే గుండు రోజంతా ఒకే తీరుగా దిగుతుందని. గంటకి మూడు వేళ్ళు. పిట్ట గుండు అట్ల కాదు, అరిచినప్పుడే దిగుతుంది, పన్నెండుకి ఎక్కువ, ఒకటికి తక్కువ. కాబట్టి నడిపే గుండుని తాకి చూస్తే ఎంత పొద్దు పోయిందో తెలుస్తుంది. ఇప్పుడు రాత్రి మెలకువ వస్తే గోడ పట్టుకొని నాలుగడుగులు నడిచి, సీతాఫలాన్ని వేలి కొసతో ముట్టుకొని, "ఇంకా నడిరేయి కాలేదు" అని మళ్ళీ పడుకుంటుంది. గుండుని లాగద్దనీ, ఆనుకోవద్దనీ అన్న చెప్పినాడు. "పసిబిడ్డ తల ముట్టినట్టు ముడతా లేప్పా" అనింది. ఎనిమిది రోజుల రకమైతే గంటకి దిగేది వేలి మందం కూడా ఉండదు, ఈ ఉపాయం పారేది కాదు.

శివరాత్రి దాటినాక వెనకింటి మామిడి చెట్టు మీద కోకిల మొదలుపెట్టింది. అవ్వ రెండింటినీ పక్కపక్కన విని తీర్పు చెప్పింది, "ఇది మన కోకిల కాదు. మనది ఎక్కుతాది, ఇది దిగుతాది." నిజమే. మన కోకిల గొంతు కింద నుంచి పైకి లేస్తుంది, ఒక్కో కూతకీ ఇంకా పైకి. యూరప్ కుకూది పై స్వరం ముందు, కింది స్వరం తర్వాత. రెండే మెట్లు దిగి ఆగుతుంది. రెండూ దూరపు చుట్టాలే. రెండూ పరాయి గూట్లో గుడ్డు పెట్టేవే. మన కోకిలకి కాకి గూడు, దానికి ఏవేవో చిన్నపిట్టల గూళ్ళు.

ఈ మాట చెప్పినప్పుడు మా బావ ఒకడు, హోసూరు తెలుగోళ్ళం మనమూ అంతే కదా, తమిళ గూట్లో కోకిల గుడ్లం అన్నాడు. నవ్వులాటకే అన్నాడు గాని నాకు నచ్చలేదు. మనల్ని ఎవరూ తెచ్చి ఇక్కడ పెట్టలేదు. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడూ, 1956లో భాషా రాష్ట్రాలు గీసినప్పుడూ గీత జరిగింది, మనం జరగలేదు. మా తాత ముత్తాతలు సేలం జిల్లాలో ఉన్నారు, నాయన ధర్మపురి జిల్లాలో ఉన్నాడు, 2004 నుంచి మేము కృష్ణగిరి జిల్లాలో ఉన్నాము. ఇల్లు మాత్రం ఒకటే చోట.

అయినా బడికి పోయే పిల్లల నోట్లో తెలుగు అంకెలు తగ్గిపోతున్న మాట నిజం. మొదటి వారం నా కూతురు పిట్టతో పాటు ఇంగ్లీషులో లెక్కపెట్టేది, ఎదురింటి అన్న మనవడు తమిళంలో. అవ్వ తనది తాను. ముగ్గురూ ఒకేసారి పైకి లెక్కపెడితే ఎవరిది ఎంతో తెలిసేది కాదు. అందుకని అవ్వ రూలు పెట్టింది, "పిట్ట నాది, లెక్క నాది, పలికేది ఉంటే నా మాటలో పలకండి." ఇప్పుడు ఆ తమిళ పిల్లోడు కూడా ఏడు, ఎనిమిది, తొమ్మిది అంటాడు. తొమ్మిది దగ్గర మాత్రం నాలుక మడతపడుతుంది.

దాంతో పాటు అవ్వ పాత లెక్కలు బయటికి వచ్చినాయి. పిల్లలకి గడియ అంటే తెలియదు. గడియారం అనే మాటలో ఉన్నది అదే అని చెప్తే కూతురు ఆశ్చర్యపోయింది. రోజుకి అరవై గడియలు, గడియకి మన లెక్కలో 24 నిమిషాలు. పాతకాలంలో అడుగున సన్న చిల్లున్న రాగి గిన్నెని నీళ్ళ తొట్టిలో వదిలేవాళ్ళు. అది నిండి మునిగితే ఒక గడియ, గంట కొట్టేవాళ్ళు. గంటకి రెండున్నర గడియలు, జాముకి ఏడున్నర. అంటే మన పాత గడియారం కూడా ముందు చెవికోసమే. అవ్వకి ఆ గిన్నె తెలియదు, ఆమె పుట్టేనాటికే అది పోయింది. జాము మాత్రం తెలుసు. రాత్రి పిట్ట మూడు కూతలు కూస్తే, "నాలుగో జాము, ఇంక కోడి లేస్తాది" అంటుంది. మా వీధిలో కోడి లేదు.

ఇంట్లో వాళ్ళకి రాత్రి కూతలు అలవాటైనాయా అని అడుగుతున్నారు మీరు. నాకు వారం పట్టింది. నా భార్యకి నెల. కొన్నిటికి పక్కన చిన్న మీట ఉంటుంది, రాత్రి నోరు మూయించడానికి. మాదానికీ ఉంది. పరీక్షల నెలలో ఒకసారి దాన్ని తిప్పుదామా అని మాట వచ్చింది. కూతురే వద్దనింది. పొద్దున నాలుగున్నరకి తనని లేపేది అవ్వే, ఒక్క కూత విని, గుండు తాకి చూసి.

కంటి చుక్కలు ఇప్పుడు ఎనిమిదికీ ఎనిమిదికీ తప్పకుండా పడుతున్నాయి. పిట్ట ఎనిమిదోసారి వంగేసరికి అవ్వ సీసా చేతిలో పట్టుకొని తల వెనక్కి వాల్చి ఉంటుంది. మేమే పరుగెత్తాల. "యాలెంతాయ రా?" అనే మాట మళ్ళీ వినపడుతోంది గాని, ఇప్పుడు అది పరీక్ష. నేను ఫోను చూసి చెప్తే, తన లెక్కతో సరిపోతే తల ఊపుతుంది.

వానలు మొదలైనాక రెండో తిత్తి గొంతు బొంగురుపోయింది. "కు" గట్టిగా వస్తోంది, "కూ" మాత్రం ఉబ్బసం మనిషి ఊపిరి మాదిరి ఉంది. అన్న వెనక చెక్క తీసి చూసి, తిత్తి మడత దగ్గర సన్న చిరుగు పడిందన్నాడు. ఇప్పటికి సన్న కాగితం ముక్క మైదాతో అతికించినాడు. లెక్కకి ఏమీ తేడా లేదు, ఒక స్వరం చాలు కదా అంటే అవ్వ ఒప్పుకోవడం లేదు, పిట్ట సగం మాటతో ఆగిపోతే తనకి నిద్ర పట్టదంట. డిసెంబరులో స్టుట్‌గార్ట్ వాడు వస్తున్నాడు. తిత్తుల జత కొలతలు పంపినాను, 5 అంగుళాల గొట్టాలు, ఎడమది ఒకటి కుడిది ఒకటి. వాడికి మర్చిపోకుండా మీలో ఎవరైనా ఇంకోసారి చెప్పండి.